మేడలో నాలుగో ఫిడేలు

మా యానాంలో, అగ్రహారం నుంచి రేవుకి పోయే దారిలో, గోదావరి గట్టుని ఆనుకుని ఒక పాత దొరల మేడ ఉండేదండీ. ఇప్పుడు లేదు. నేను చూళ్లేదు కూడా. మా అమ్మమ్మ నాగమణి చెప్పగా విన్నదే ఇదంతా. ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా ఒక్క ముక్క మార్చేది కాదు… అందుకే నేను నమ్ముతాను.

ఆ మేడ ముందు ఎవరూ ఈల వేసేవారు కాదంట. కూనిరాగం తీసేవారు కాదంట. బళ్లవాళ్లు ఆ మలుపు దగ్గర దిగి, ఎద్దుల మెడలో గంటల్లో ఇంత గడ్డి కుక్కి, మేడ దాటాక తీసేవారంట. ఇక పెళ్లి ఊరేగింపు వచ్చిందనుకోండి… సన్నాయి ఆయన సన్నాయి చంకలో పెట్టేసుకునేవాడు, డోలు ఆయన డోలు మీద కండువా కప్పేసేవాడు. పెళ్లికొడుకుతో సహా అందరూ తలలొంచుకుని, శవం వెనకాల నడిచినట్టు నడిచేవారు. మేడ దాటాకే మళ్లీ పెళ్లి.

ఎందుకంటే — ఆ ఖాళీ మేడలో ఫిడేలు మోగేది.

పాట కాదండీ. పాటైతే అంత భయం ఉండేది కాదేమో. రెండు స్వరాలు… ఆగేది. చాలాసేపు ఏమీ ఉండదు. మళ్లీ ఓ మూడు స్వరాలు… మళ్లీ ఆగేది. ఎవర్నో ఏదో అడిగి, జవాబు కోసం చూస్తున్నట్టు.

ఆ వాయించేది జోసెఫిన్ అని అందరికీ తెలుసు. మెట్టకూరు నుంచి వచ్చిన పిల్ల. ఆ మేడలో దొరగారి పిల్లల్ని ఆడించే ఆయా. దొర, దొరసాని, దొరసాని తమ్ముడు — ముగ్గురూ ఫిడేళ్లు వాయించేవారు. వాళ్ల సంగీతానికి నలుగురు కావాలి. నాలుగో మనిషి దొరక్క, ఈ పిల్లకే నేర్పించి, నాలుగో కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రతి ఆదివారం సాయంత్రం నలుగురూ వాయించేవారంట.

అలా ఏడేళ్లు. తర్వాత దొరలు వాళ్ల దేశం వెళ్లిపోయే రోజొచ్చింది. ఆఖరిసారని వాయించడం మొదలెట్టారు. సగంలో లాంచీ కూత వేసింది. ముగ్గురూ లేచి, ఫిడేళ్లు పెట్టెల్లో పెట్టేసుకుని వెళ్లిపోయారు. జోసెఫిన్‌ని ఎవరూ ఆపమనలేదు. ఆవిడ వంతు ఆవిడ వాయిస్తూనే ఉంది… ఆగుతూ, వాయిస్తూ… మూడోనాడు తలుపు తీసి చూస్తే, కుర్చీలోనే పోయి ఉందంట. ఒళ్లో ఫిడేలు.

ఆవిడ ఆగినప్పుడు ఎవరూ అందుకోకూడదు — అదీ ఊళ్లో మాట. ఓ పడవ సరంగు ఎగతాళికి ఈలతో అందుకున్నాడంట. వారానికి పడవ దొరికింది, మనిషి దొరకలేదు. బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించే కుర్రాడొకడు గేటు దగ్గర నిలబడి అందుకున్నాడు. నాలుగోనాటికి జ్వరంతో పోయాడు. ఆవిడకి ముగ్గురు కావాలి కదండీ. ఇద్దర్ని పట్టుకెళ్లింది, ఇంకొకళ్లు బాకీ అనేవారు.

ఇప్పుడు మా తాతగారి సంగతి చెప్పాలి. ఆయన పేరు శ్రీరామచంద్రమూర్తి, అందరూ మూర్తి మేష్టారు అనేవారు. ఫిడేలు విద్వాంసులే. కానీ పక్కవాద్యం. పాడేవాళ్లు ఒక సంగతి — పాటలో ఒక విరుపు — పాడి ఊపిరి పీల్చుకునే లోపల, అదే సంగతి ఫిడేలు మీద పలికించడం ఆయన పని. ఆ ఖాళీ ఆయనది. చూడండి మరి… ఖాళీ వస్తే అందుకోవడమే బతుకైన మనిషి. ఆ మేడ ముందునుంచి వెళ్లేటప్పుడు రెండు చేతులూ కట్టుకుని నడిచేవారంట.

యాభై రెండో సంవత్సరం, జనవరి. యానాం ఇంకా ఫ్రెంచివాళ్ల కిందే ఉంది. మనవాళ్లు మూడు రోజుల సంగీతోత్సవం పెట్టారు. కమిటీ పెద్ద వెంకటరాజుగారికి ఆ ఏడాది ఓ సరదా పుట్టింది. మన కచేరీలతో పాటు రెండోరోజు దొరల సంగీతం కూడా పెట్టాలని, పాండిచ్చేరి నుంచి నలుగురిని పిలిపించాడు. నాలుగు ఫిడేళ్ల కచేరీ అని ఊరంతా చెప్పుకున్నారు. రెండు మామూలు ఫిడేళ్లు, ఒకటి కాస్త పెద్దది, ఒకటి మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించేది — మనిషంత ఉంటుంది.

వాళ్లు పందిట్లో వాయించలేమన్నారు. మైకు లేకుండా ఆ వాద్యాల గొంతు గాలికి పోతుందంట. కింద చెక్కనేల, పైన చెక్కకప్పు ఉన్న గది కావాలన్నారు. యానాంలో అలాంటి పెద్ద హాలు ఒక్కచోటే ఉంది…

అవునండీ. ఆ మేడే.

లాంచీ దిగేటప్పుడు రెండో ఫిడేలు ఆయన చెయ్యి, ఆ పెద్దవాద్యం పెట్టెకీ లాంచీ అంచుకీ మధ్య పడి నలిగిపోయింది. రెండు వేళ్లు. ఆయన్ని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. ఆయన ఫిడేలు పెట్టె మాత్రం మిగతా సామానుతో మేడకి చేరి, అక్కడే ఉండిపోయింది. కచేరీకి ఇంకా రెండు రోజులే ఉంది.

ఆ సాయంత్రం మా తాతగారి అరుగు మీదకి ముగ్గురొచ్చారు. వెంకటరాజుగారు, ఆ పెద్ద ఫిడేలు వాయించే ముసలిదొర, చర్చిలో హార్మణీ వాయించే ఆంథోనీ. ఆంథోనీకి రెండు భాషలూ వచ్చు. ముసలిదొర టోపీ తీసి చేత్తో పట్టుకుని, మీ పేరు విని వచ్చాం, మీరు లేకపోతే మేం ముగ్గురమే, ముగ్గురితో ఇది అవదు అన్నాడంట.

అమ్మమ్మ గుమ్మం లోపల నిలబడి వింటోంది. అప్పటికి ఆవిడకి ఎనిమిదో నెల. అంతకుముందు ఇద్దరు పుట్టి పోయారండీ. ఒకళ్లు పురిట్లోనే, ఒకళ్లు పదిహేను రోజులకి. ఇది మూడోది.

వాళ్లు వెళ్లాక ఆవిడ అన్న మాట ఒకటే. "ఆవిడకి ఇంకొకళ్లు బాకీ ఉందని ఊరంతా చెప్పుకుంటుంటే, మీరు పోయి పక్కన కూర్చుంటారా?"

"నాగమణీ, నన్ను పేరు పెట్టి అడగడానికి ఇంటికొచ్చిన విద్వాంసుడు ఇతనొక్కడేనే" అన్నారు.

అయితే నేనూ వస్తాను, మిమ్మల్ని కళ్లముందు నుంచి వదలను అంది ఆవిడ.

దొరల సంగీతం కాయితం మీద గీతలూ, చుక్కలూ. మా తాతగారికి అది రాదు. ఆంథోనీ చర్చి హార్మణీ మీద ఆ రెండో ఫిడేలు వంతు ఒక్కో ముక్కా వాయించి వినిపిస్తే, ఈయన ఓ పుస్తకంలో మన స్వరాల్లో రాసుకున్నారు. ఆగాల్సినచోట చుక్కలు పెట్టుకున్నారు. ఎన్ని చుక్కలుంటే అన్ని లెక్కపెట్టి ఆగాలి. రాసింది చూస్తే స్వరాలకంటే చుక్కలే ఎక్కువ ఉన్నాయంట.

ఇంట్లో అరుగు మీద కూర్చుని సాధన మొదలెట్టారు. రెండు స్వరాలు… తొమ్మిది చుక్కలు. మూడు స్వరాలు… ఆరు చుక్కలు.

ఎదురింటి పాపాయమ్మ చాట పట్టుకుని బియ్యం చెరుగుతోంది. వయసులో ఆ మేడలో వంట చేసిన మనిషి. చాట అలాగే చేతుల్లో ఉండిపోయింది. కొంచెంసేపు విని, దాన్ని కింద పెట్టి, రోడ్డు దాటి వచ్చింది.

"ఇది నీకెవరు చెప్పారు బాబూ?"

దొరలది, పాండిచ్చేరి నుంచి తెచ్చారని చెప్పారు తాతగారు.

"కాదు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇది జోసెఫిన్‌ది. ఇరవయ్యేళ్ల నుంచి ఆ మేడలో వాయిస్తోంది ఇదే."

తాతగారి చేతిలో కమాను ఆగిపోయింది. పుస్తకంలోకి చూశారు. రెండు స్వరాలు… ఆగడం. మూడు స్వరాలు… ఆగడం. చేతులు కట్టుకుని నడిచిన ఆ రోజుల్లో చెవిన పడిందంతా, ఆయన సొంత చేతిరాతలో ఎదురుగా ఉంది.

అంటే ఇన్నాళ్లూ అందరూ విన్నది తిక్క వాయింపు కాదండీ. నలుగురు వాయించే దాంట్లో ఒక్కళ్ల వంతు. మిగతా ముగ్గురూ లేకపోతే అది అలాగే ఉంటుంది.

కబురు చేసి రానని చెప్పెయ్యండని అమ్మమ్మ కాళ్లు పట్టుకున్నంత పని చేసింది. మాట ఇచ్చేశానన్నారు ఆయన. కానీ ఆ రాత్రి అన్నం తినలేదంట.

కచేరీ రోజు సాయంత్రం ఏడింటికల్లా మేడ నిండిపోయింది. భయమున్నా వచ్చారు జనం. భయముంది కాబట్టే ఇంకా వచ్చారు. నాలుగు పెట్రోమాక్స్ లైట్లు. మధ్యలో నాలుగు కుర్చీలు, అర్ధచంద్రంలా.

ఇక్కడే జరిగిందండీ పొరపాటు. మన ఫిడేలు కుర్చీలో కూర్చుని వాయించేది కాదు. కింద బాసింపట్టు వేసుకుని, ఫిడేలు తల కాలి చీలమండ మీద ఆన్చుకుని వాయించాలి. కుర్చీ మీదైతే తాతగారికి చెయ్యి ఆడదు. చాప తెప్పించుకుని, నాలుగో కుర్చీ పక్కన, కింద కూర్చున్నారు.

కుర్చీ అలాగే ఉంది. ఖాళీగా.

దాన్ని తీసెయ్యమని నోటిదాకా వచ్చిందంట ఆయనకి. చెప్పేలోపల మొదటి ఫిడేలు దొర కమాను ఎత్తేశాడు.

మొదలైంది. మొదటి భాగం బాగానే అయింది. రెండోదీ అయింది. తాతగారు కాలి బొటనవేలితో చుక్కలు లెక్కపెట్టుకుంటూ, తన రెండు స్వరాలూ మూడు స్వరాలూ సరిగ్గా వేస్తున్నారు. ఇన్నాళ్లూ అడిగి అడిగి ఆగిపోయిన ఆ ఫిడేలుకి, ఆ ముగ్గురూ జవాబు చెప్తుంటే… ఎంత అందంగా ఉందో చెప్పలేనంది అమ్మమ్మ. ఆడవాళ్ల వైపు, గుమ్మం పక్కన, పాపాయమ్మతో కలిసి కూర్చుంది. పాపాయమ్మ ఆవిడ మణికట్టు పట్టుకునే ఉంది.

మూడో భాగం. విలంబకాలం, చాలా నెమ్మది. మొదటి ఫిడేలు దొర ఒక్కడే ఒక పొడుగాటి సంగతి తీశాడు. గుండె పిండేసేలా తీసి… ఆపాడు.

పుస్తకంలో పదకొండు చుక్కలున్నాయి. ఆగాలి.

తాతగారి చెయ్యి ఆగలేదు. ముప్పై ఏళ్ల అలవాటు. పక్కవాడు సంగతి వేసి ఆపితే, ఆ చెయ్యి తనంతట తనే లేస్తుంది. ఆ సంగతి అచ్చంగా, పైగా స్వరాన్ని ఊపే మన గమకం కూడా వేసి, తిరిగి పలికించేశారు.

ముందు వరుసలో వెంకటరాజుగారు "భళా" అన్నారు.

ముసలిదొర కళ్లు తెరిచి చూశాడు. అప్పటికి తెలిసింది తాతగారికి, ఏం చేశారో. ఆ మేడలో… ఆ ఖాళీలో… అందుకున్నారు.

లెక్క పోయింది. ఎన్ని చుక్కలయ్యాయి? ఎక్కడున్నాం? ఎదురుగా అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ ముగ్గురూ ఆగలేదు, ముందుకి వెళ్లిపోతున్నారు. తన వంతు వచ్చేస్తోందని తెలుసు. చెయ్యి లేవడం లేదు. కమాను తొడ మీద పెట్టేసుకున్నారు.

వంతు వచ్చింది.

రెండు స్వరాలు పలికాయి.

తాతగారు తన ఫిడేలు వైపు చూసుకున్నారు. తీగలు కదలడం లేదు.

తొమ్మిది చుక్కలంత ఆగి… మూడు స్వరాలు. సరిగ్గా. ఆయన కుడి చెవి పక్కనుంచి. మనిషి కుర్చీలో కూర్చుంటే ఫిడేలు ఎంత ఎత్తులో ఉంటుందో… అంత ఎత్తునుంచి.

తల తిప్పలేదంట ఆయన. గుమ్మం దగ్గర నుంచి అమ్మమ్మ చూస్తోంది — మొగుడి కమాను తొడ మీద ఉంది, నాలుగో ఫిడేలు మోగుతోంది. లేవబోయింది. పాపాయమ్మ గట్టిగా కూర్చోబెట్టింది.

"అటు చూడకు తల్లీ. ఆవిణ్ణి చివరిదాకా వాయించుకోనీ."

ముసలిదొర ఖాళీ కుర్చీ వైపే చూస్తున్నాడు. ఆయన కమాను మాత్రం ఆగలేదు. మూడో భాగం అయింది. నాలుగోదీ అయింది. ఆఖరి స్వరం నలుగురూ ఒక్కసారే వేశారు… ముగ్గురు దొరలూ, ఆ కుర్చీ.

జనం చప్పట్లు కొట్టారు. వాళ్లకేం తెలీదు, కింద కూర్చున్న ఆయన కమాను వాళ్లకి కనపడలేదు. మేష్టారు అద్భుతంగా వాయించారనుకున్నారు.

తాతగారు లేచి వెనకగదిలోకి వెళ్లారు. అక్కడ తలుపు వెనకాల ఆంథోనీ నిలబడి ఉన్నాడు. చేతుల్లో, కాకినాడ వెళ్లిన దొర ఫిడేలు పెట్టె.

"నువ్వా ఆంథోనీ? నువ్వేనా వాయించింది?"

ఆంథోనీ ఆయన్ని చూశాడు. ఆయన వెనకాలే కడుపు పట్టుకుని, గోడ ఆసరాతో వస్తున్న అమ్మమ్మని చూశాడు.

"నేనే మేష్టారూ. చిన్నప్పుడు ఫాదరీగారు కొద్దిగా నేర్పారు. మీరు ఆగిపోయేసరికి, తలుపు వెనకనుంచి అందుకున్నాను."

అమ్మమ్మ అక్కడే కూలబడి ఏడ్చేసిందంట. తాతగారు ఆంథోనీ రెండు చేతులూ కళ్లకద్దుకున్నారు. ఆ రాత్రి ఇద్దరూ నిద్రపోయారు.

ఫిబ్రవరి ఆఖర్న ఆడపిల్ల పుట్టింది. భవాని. పదిహేను రోజులు గడిచాయి. నెల గడిచింది. పిల్ల బతికింది.

మేడ కూడా నోరు మూసుకుంది. ఎవరికీ ఏమీ వినిపించలేదు. ఒక ఏడాది చూశారు, రెండేళ్లు చూశారు. బళ్లవాళ్లు గంటల్లో గడ్డి పెట్టడం మానేశారు. పెళ్లిమేళాలు మేడ ముందు నిలబడి మరీ వాయించాయి. ఆవిడ మొదలెట్టింది పూర్తయింది, ఇక వెళ్లిపోయింది అంది పాపాయమ్మ. తాతగారు మాత్రం నవ్వేవారు. ఆంథోనీ వాయించాడని ఆయనకి తెలుసు కదా.

యాభై నాలుగులో ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు. యాభై ఆరులో ఆంథోనీ కుటుంబం కూడా ఫ్రాన్సు కాయితాలు పుచ్చుకుని బయల్దేరింది. తాతగారు నాలుగేళ్ల భవానిని తీసుకుని, ఒంటెద్దు బండి కట్టించుకుని రేవుకి వెళ్లారు. ఇక చూసుకుంటామో లేదోనని, ఆ రోజు నువ్వు అందుకోకపోతే నేనేమైపోయేవాణ్ణో అని మళ్లీ ఆంథోనీ చెయ్యి పట్టుకున్నారు.

ఆంథోనీ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఈ అబద్ధం నాతో సముద్రం దాటించలేను, మేష్టారూ." మెల్లగా, చెవి దగ్గర చెప్పాడంట. "ఆ పెట్టెకి తాళం వేసుంది. తాళంచెవి కాకినాడ వెళ్లిన దొర జేబులో ఉంది. అమ్మగారు నిండుగర్భిణి… అందుకని నేనే అన్నాను."

ఇంకొకటి కూడా చెప్పాడు.

కచేరీ మర్నాడు ఆ దొర చేతికి కట్టుతో వచ్చి, ఆంథోనీ ముందే పెట్టె తెరిచాడంట. ప్రయాణమని తీగలు వదులు చేసి, ఫిడేలు శుభ్రంగా తుడిచి పెట్టుకున్న మనిషి. తెరిచి చూస్తే తీగలు బిగించి ఉన్నాయి. శృతిలో ఉన్నాయి. తీగల కింద చెక్క మీద, వాయిస్తే కమాను నుంచి రాలే గుగ్గిలం పొడి… తెల్లగా… తాజాగా.

లాంచీ కూత వేసింది. ఆంథోనీ శిలువ గుర్తు వేసుకుని ఎక్కేశాడు.

తిరిగొచ్చేటప్పటికి సందెచీకటి పడింది. బండి మేడ మలుపు తిరిగింది. ఎద్దు మెడలో గంటలు మోగుతూనే ఉన్నాయి, గడ్డి పెట్టే అలవాటు పోయి రెండేళ్లు. తాతగారి ఒళ్లో భవాని కూర్చుంది.

మేడ ముందుకొచ్చారు. పిల్ల కూనిరాగం తీసింది.

రెండు స్వరాలు.

ఆగింది.

కచేరీ తర్వాత తాతగారు ఆ సంగీతం మళ్లీ ముట్టుకోలేదండీ. ఆ పుస్తకం కూడా గోదాట్లో పారేశారు. పిల్లకి నేర్పినవాళ్లు లేరు. పిల్ల విని ఉండాలంటే… తల్లి కడుపులో ఉండగానే.

ఆ ఖాళీలో, మేడ లోపలనుంచి, ఫిడేలు మీద అవే రెండు స్వరాలు వచ్చాయి. గమకంతో సహా. పాడేవాళ్ల వెనక పక్కవాద్యం అందుకున్నట్టు.

దొరల సంగీతంలో అలా అందుకోవడం ఉండదు. ఆ మేడలో ఆ పని చేసింది ఒకే ఒక్కసారి, ఒకే ఒక్కరు. ఆ ఫిడేలు ఎవరి దగ్గర నేర్చుకుందో ఆయనకి తెలుసు.

గబుక్కున పిల్ల నోరు మూసేశారు. బండివాడికి కళ్లతోనే సైగ చేస్తే, వాడు దూకి గంటల్లో గడ్డి కుక్కుతున్నాడు. సగం కింద పడిపోతోంది. చప్పుడు లేదు ఎక్కడా.

ఈసారి మేడే ముందుగా మొదలెట్టింది. మూడు స్వరాలు… ఆగింది. ఎవరి కోసమో చూస్తున్నట్టు.

ఆయన అరచేతి కింద, పిల్ల పెదాలు కదిలాయంట.

ఆ పిల్లేనండీ మా అమ్మ. డెబ్భై దాటాయి. బాగానే ఉంది, ఏ రోగమూ లేదు. ఆ మేడ లేకపోయినా, పని చేసుకుంటూ ఇప్పటికీ కూనిరాగం తీస్తుంది… రెండు స్వరాలు తీసి, ఆగి, తల కొంచెం పక్కకి వాల్చి వింటుంది. కాసేపాగి నవ్వుకుంటుంది.

అలా ఆగినప్పుడు మా ఇంట్లో ఎవరం మాట్లాడం. అందుకోం కూడా.